ఈ పనిముట్టు ఎవరి చేతికి?

(సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆహ్వానపత్రంలో నా పేరు పక్కన ‘ఆధునిక వంటింటి పరికరాలు’ అని వేశారు. అది చూసి మా మేనకోడలు “అత్తా, ఏ కంపెనీ వాళ్లు పిలిచారు?” అని అడిగింది. ఏ కంపెనీ పిలవలేదు, నేనేమీ అమ్మడానికి రాలేదు. మీలో చాలామందిలాగే నేనూ బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడల్లా వంటిల్లు విప్పి, అట్టపెట్టెల్లో సర్ది, కొత్త ఊళ్లో మళ్లీ నిలబెట్టినదాన్ని. తొమ్మిది ఇళ్లు మారాం. అన్నిసార్లు సర్దితే ఏ వస్తువు మనకు నిజంగా కావాలో, ఏది కేవలం బరువో తెలిసిపోతుంది. ఆ అనుభవంతోనే నాలుగు మాటలు చెబుతాను.

కొత్త పరికరం ఏది కనపడినా ధర చూడకముందు నేను ఒక ప్రశ్న వేసుకుంటాను. ఇది ఎవరి చేతికి? మన ఇంట్లో ఎవరి మణికట్టు నొప్పి తగ్గిస్తుంది? ఇప్పటిదాకా వంటింట్లోకి రాని ఎవరి చేతిని లోపలికి తెస్తుంది? ఈ రెంటిలో ఒకదానికైనా జవాబు దొరకకపోతే ఆ వస్తువు ఎంత మెరిసినా మన ఇంటిది కాదు.

ఇది నేను కనిపెట్టిన సూత్రం కాదు. మంచి వంట పరికరాల పుట్టుకలు చదివితే చాలాసార్లు వెనక ఒక ఇల్లాలి చెయ్యి కనిపిస్తుంది. జపానులో తోషిబా కంపెనీ 1955లో ఆటోమేటిక్ రైస్ కుక్కరు అమ్మకానికి తెచ్చింది. దాన్ని తయారుచేసే పని యోషితదా మినామి అనే చిన్న కార్ఖానా యజమానికి అప్పగిస్తే, అన్నం ఎంతసేపు ఉడకాలి, ఎప్పుడు ఆపాలి అని ఏళ్ల తరబడి వండి చూసింది ఆయన భార్య ఫుమికో. మన బొంబాయిలో 1960ల మొదట్లో మాధురీ మాథుర్ గారింట్లో జర్మనీ నుంచి తెచ్చిన మిక్సీ మోటారు కాలిపోయింది. అది పళ్లరసాలకీ కేకు పిండికీ చేసిన యంత్రం. మన ఎండు కొబ్బరికి, పప్పులకు, పసుపు కొమ్ములకు ఎక్కడ ఆగుతుంది? ఆవిడ భర్త సత్యప్రకాశ్ మాథుర్ ఇంజనీరు. మన వంటకు తట్టుకునే మోటారుతో ఆయన చేసిందే 1963 నాటి సుమీత్ మిక్సీ. తర్వాత అమెరికాలో శామ్ ఫార్బర్ అనే ఆయన, భార్య బెట్సీ కీళ్లనొప్పుల చేతులతో తొక్క తీయడానికి అవస్థ పడటం చూసి, లావుపాటి మెత్తని రబ్బరు పిడితో పీలర్ చేయించాడు. 1990లో వచ్చిన ఆ ఆక్సో పీలర్ పిడిని ఇవాళ ప్రపంచమంతా అనుకరిస్తోంది. మన బజార్లో నల్ల రబ్బరు పిడి పీలర్ కనిపిస్తే ఆవిడ మణికట్టును ఒకసారి తలచుకోండి.

ఇక నాకు ఇష్టమైన వాటిలో మొదటిది చెబుతాను. మిక్సీయో ఓవెనో అనుకుంటారు. కాదు. డిజిటల్ కాటా. అరచేతి కంటే కాస్త పెద్దది, రెండు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది, 1 గ్రాము తేడా చూపిస్తుంది, వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. బ్యాంకు ఇళ్లలో లెక్క తప్పితే నిద్రపట్టదు కదా, వంటింట్లో మాత్రం ‘గుప్పెడు’, ‘చారెడు’, ‘తగినంత’ అని సరిపెట్టుకుంటాం!

మా వారికి 55వ ఏట దూరపు శాఖకు బదిలీ అయింది. అమ్మాయి ఇంటరు రెండో సంవత్సరం, మా అత్తగారు నాతో. అందుకని నేను ఇక్కడే ఉండిపోయాను, ఆయన అక్కడ ఒంటరిగా గది తీసుకున్నారు. అప్పటికే షుగరు ఉంది. రెండు పూటలా హోటలు భోజనమైతే ఆ మూడేళ్లు ఎలా గడుస్తాయోనని నా భయం. ఆయనకు అప్పటిదాకా టీ పెట్టడం తప్ప మరేమీ రాదు. మొదటి ఆదివారం ఫోన్ చేసి “పప్పు ఎంత వెయ్యను?” అన్నారు. “గుప్పెడు” అన్నాను. “ఎవరి గుప్పెడు?” అన్నారు.

ఆ ప్రశ్న సరైనదే. నా గుప్పెడు వేరు, ఆయన గుప్పెడు వేరు. మా అమ్మ నాకు చెప్పిందీ ఆవిడ గుప్పెడే. ఆ వారమే కాటా పంపించాను. ఆ తర్వాత మా సంభాషణ అంతా గ్రాముల్లోనే. బియ్యం ఇన్ని గ్రాములు దాటకూడదని డాక్టరు గారు చెప్పిన మాట కూడా అప్పటికి గాని మా ఇంట్లో అమల్లోకి రాలేదు. ‘ఒక కప్పు’ అంటే ఎవరి ఇంటి కప్పు చెప్పండి?

కాటా మీద టేర్ అని ఒక మీట ఉంటుంది. గిన్నె పెట్టి అది నొక్కితే సున్నా చూపిస్తుంది. బియ్యం పోసి మళ్లీ నొక్కితే మళ్లీ సున్నా. దాని మీదే పప్పు, దాని మీదే నీళ్లు. నీళ్లకు కొలగ్లాసు కూడా అక్కర్లేదు, 1 మిల్లీలీటరు నీళ్లు 1 గ్రామే. కడగాల్సిన గిన్నెలు తగ్గిపోతాయి. ఈ ఒక్క మాటకే చాలామంది కొంటారని నాకు తెలుసు.

దీని విలువ అసలు తెలిసేది ఆవకాయ పెట్టేటప్పుడు. మన దేశం మెట్రిక్ కొలతలకు చట్టం చేసింది 1956లో. మా అమ్మ మాత్రం చివరిదాకా గిద్ద, సోల, తవ్వ లెక్కలోనే పెట్టింది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ. గిద్ద తప్పు కొలత అనను. చిక్కల్లా ఏమిటంటే, అందులో రాళ్ల ఉప్పు పోస్తే వచ్చే తూకం, దంచిన మెత్తటి ఉప్పు పోస్తే వచ్చే తూకం ఒకటి కాదు. ఆవపిండిని అదిమి కొలిస్తే ఒకటి, తేలిగ్గా పోస్తే ఒకటి. అమ్మ రాళ్ల ఉప్పు ఎండబెట్టి దంచేది, మనం ప్యాకెట్ ఉప్పు వేస్తున్నాం. గిద్ద మారలేదు, గిద్దలో పడే ఉప్పు మారింది. ఊరగాయ ఒక ఏడు ఉప్పు కషాయమై, మరో ఏడు బూజు పట్టడానికి చాలా ఇళ్లలో ఇదే కారణం. మా ఇంట్లో ఇప్పుడు కిలో ముక్కకు ఉప్పు 170 గ్రాములు, ఆవపిండి 175, కారం 175, నూనె 350. మీ ఇంటి రుచి మీది, ఈ అంకెలే వేయమని చెప్పను. మీ అమ్మగారు, అత్తగారు గిద్దతో కొలిచి పోస్తున్నప్పుడు కింద కాటా పెట్టి ఆ తూకం రాసుకోండి. వచ్చే ఏడు మీ అబ్బాయి డాలస్‌లో పెట్టుకున్నా, అమ్మాయి పుణెలో పెట్టుకున్నా అదే ఆవకాయ వస్తుంది. పెద్దవాళ్లు ఉండగానే చేయాల్సిన పని ఇది. ఈ వేసవికే చేయండి.

మా వారితో పాటు వెళ్లిన రెండో వస్తువు రైస్ కుక్కరు. పాతదే అనుకోకండి. ఒంటరిగా ఉండే మనిషికి దాన్ని మించిన కొత్త పరికరం ఇంకా రాలేదని నా అభిప్రాయం. అది ఎలా ఆగుతుందో తెలుసా? గిన్నెలో నీళ్లున్నంతవరకు వేడి 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది. నీళ్లు ఇగిరిపోగానే పైకి పోతుంది. గిన్నె అడుగున ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది. వేడి 100 దాటగానే అది పట్టు వదిలేస్తుంది, మీట టక్కున పైకి లేస్తుంది. లోపల కంప్యూటరు లేదు, గడియారం లేదు. మనిషి ఫోన్లో ఉన్నా, శాఖ నుంచి ఆలస్యంగా వచ్చినా అన్నం మాడదు. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. అందులో ప్రెషర్ ఉండదు గనుక కందిపప్పు సరిగా మెత్తబడదు, పెసరపప్పు ఉడుకుతుంది. అందుకని మా వారు బియ్యం, పెసరపప్పు కలిపి పులగం వండటం మొదలుపెట్టారు. పైన ఆవిరి పళ్లెంలో బీరకాయో, క్యారెట్టో. ఆరు నెలలకు పరీక్ష చేయిస్తే షుగరు అంకె కిందికి దిగింది. అదంతా కుక్కరు పుణ్యమని చెప్పను, నడక కూడా ఉంది. కానీ హోటలు మానడానికి ఆ రెండు వస్తువులే ఆధారం. ఇప్పుడాయన ఇంటికి తిరిగి వచ్చేశారు. పులగం మాత్రం ఆదివారాలు ఆయన వంతే.

ఒంటరిగా బదిలీ మీద వెళ్లేవారు సాధారణంగా తీసుకెళ్లే మరో వస్తువు ఇండక్షన్ స్టవ్. మంచిదే. గాజు పలక కింద రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో పారే విద్యుత్తు వేగంగా అటూ ఇటూ మారుతుంటే గిన్నె అడుగే వేడెక్కుతుంది. మంట లేదు, వేడి పక్కలకు పోయి వృథా అవడం తక్కువ. గిన్నె అడుగున అయస్కాంతం అంటుకుంటేనే పనిచేస్తుంది. ఫ్రిజ్ మీద అంటించే బొమ్మను తీసుకెళ్లి మీ గిన్నెల అడుగున పెట్టి చూడండి, కొనకముందే తెలిసిపోతుంది. మామూలు అల్యూమినియం, రాగి, ఇత్తడి పనికిరావు. గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకున్నవారు మాత్రం డాక్టరును అడిగాకే వాడాలి.

ఇందులో అసలు జాగ్రత్త గోడకు ఉన్న సాకెట్ దగ్గర. ఇది మీకు తెలిసిన లెక్కే. 2000 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 8.7 ఆంపియర్లు. ఫోన్ చార్జరు పెట్టే చిన్న సాకెట్ 6 ఆంపియర్లకు చేసింది. అద్దె గదుల్లో చిన్న సాకెట్‌కు ఎక్స్‌టెన్షన్ పెట్టి, దానికి ఇండక్షన్ స్టవ్, కెటిల్ రెండూ తగిలిస్తారు. వైరు వేడెక్కి కాలిన వాసన వచ్చేదాకా ఎవరూ పట్టించుకోరు. గది అద్దెకు తీసుకునేటప్పుడే వంట గట్టు దగ్గర 16 ఆంపియర్ల పెద్ద సాకెట్ ఉందా అని చూడండి. లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పెట్టించుకోండి. హాస్టలుకు పిల్లల్ని పంపేటప్పుడు కెటిల్ కొనిచ్చే తల్లిదండ్రులూ ఇది చూడాలి. ఇక కరెంటు ఖర్చు అంటారా, 2000 వాట్ల స్టవ్ పూర్తి వేడిలో అరగంట నడిస్తే 1 యూనిట్. మీ స్లాబు ధరతో గుణించుకోండి.

మా అత్తగారి సంగతి చెప్పకుండా ఈ ప్రసంగం పూర్తి కాదు. ఆవిడకు 78 ఏళ్లు. బొటనవేళ్ల మొదట్లో కీళ్లు అరిగాయి. మూడేళ్ల క్రితం ఒకరోజు కుక్కరు దించుతుంటే చెయ్యి వదిలేసింది. అదృష్టం బాగుండి కాలు మీద పడలేదు. ఆ రోజు నుంచి ఆవిడే వంట మానేశారు. మేము వద్దనలేదు, ఆవిడే రావడం మానేశారు. నాలుగు నెలలు గడిచాక నాకు అర్థమైంది ఏమిటంటే, వంటతో పాటు మాట కూడా తగ్గిపోయింది. “ఈ పూట ఏం చేద్దాం?” అని అడిగే మనిషికి అడగడానికి ఏమీ మిగల్లేదు.

అప్పుడు నేను ఆవిడ చేతులే కొలతగా పెట్టుకుని బజారు తిరిగాను. నూటికి ఎనభై పరికరాలు ఆ చూపుతో చూస్తే పనికిరావు. తాడు లాగే చాపర్ అందరికీ ఇష్టమే, ఉల్లిపాయ నాలుగు లాగుళ్లలో తరుగు అయిపోతుంది. కానీ తాడు లాగాలంటే బొటనవేలితో బిగించి పట్టుకోవాలి, ఆవిడకు కుదరదు. అదే చాపర్ అరచేత్తో పైనుంచి నొక్కితే తిరిగే కరెంటు రకం కూడా ఉంది, అది కుదిరింది. పెద్ద కుక్కరు స్థానంలో రెండు వైపులా పిడులున్న చిన్నది. అన్నానికి రైస్ కుక్కరు: మూత బిగించక్కర్లేదు, ఎత్తి దించక్కర్లేదు, ఉన్నచోటి నుంచే గరిటెతో తీసుకోవడం. సీసా మూతలు తిప్పడానికి ఒక రబ్బరు ముక్క. లావు పిడి పీలరు. కత్తిపీట ముందు కూర్చుని లేవడానికి మోకాళ్లు సహకరించవు కాబట్టి, గట్టు మీద జారకుండా తడి గుడ్డ పరిచి దాని మీద కూరలు తరిగే పలక. తడి గుడ్డకు ఖర్చేమీ లేదు, నా జాబితాలో దానికి పెద్ద పీట.

అన్నీ కలిపి ఒక మంచి పట్టుచీర ఖరీదు కాలేదు. మళ్లీ పొద్దున పచ్చడి ఆవిడదే. నేను ఆఫీసు కారియరు సర్దుతుంటే వెనకనుంచి ఉప్పు తగ్గిందని అంటారు. అనాలి కూడా.

రుబ్బడం సంగతికి వద్దాం. రుబ్బురోలు దగ్గర కూర్చున్న తరం ఇంకా ఈ హాల్లో ఉంది, నాకు చేతులెత్తేవాళ్లు కనిపిస్తున్నారు. 1950ల్లో కోయంబత్తూరులో కరెంటుతో తిరిగే గ్రైండరు తయారైంది. కోయంబత్తూరు వెట్ గ్రైండరుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, మన బంగినపల్లి మామిడికి ఉన్నట్టు. రాళ్లు నెమ్మదిగా తిరుగుతాయి కాబట్టి పిండి వేడెక్కదు, మినప్పిండి గాలి పట్టి పొంగుతుంది. మిక్సీ బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరిగి పిండిని వేడెక్కిస్తుంది. అందుకే మిక్సీలో రుబ్బేటప్పుడు చల్లటి నీళ్లు పోయమంటారు. వారానికి రెండుసార్లు ఇడ్లీ, దోసె తినే ఇల్లయితే టేబుల్ టాప్ గ్రైండరు పెట్టుకోండి. కొన్నిటికి కొబ్బరి తురిమే ముక్క, చపాతీ పిండి కలిపే ముక్క కూడా వస్తాయి. ఆ కొబ్బరి కోరు ఒక్కటే చాలు, పండగ రోజు కొబ్బరి బూరెలు చేసే ఇంట్లో భుజం మిగులుతుంది. నెలకోసారి దోసె పోసే ఇంటికి గ్రైండరు వద్దు. మిక్సీ చాలు, లేదా వీధి చివర పిండి అమ్మే ఆవిడ దగ్గర తీసుకోండి, ఆవిడా బతకాలి.

మిక్సీ గురించి ఒక్కటే చెబుతాను, ఇది మీకు డబ్బు మిగిల్చే మాట. గట్టి పిండి రుబ్బుతుండగా మిక్సీ ఉన్నట్టుండి ఆగిపోతే మోటారు కాలిందని కంగారు పడకండి. ప్లగ్ తీసి, జారు తీసి, మిక్సీని పక్కకు వంచి అడుగున చూడండి. చాలా మోడళ్లకు ఎర్రటి చిన్న మీట ఉంటుంది. బరువు ఎక్కువైతే మోటారును కాపాడటానికి అదే కరెంటు ఆపేస్తుంది. కాసేపు చల్లారనిచ్చి ఆ మీట నొక్కితే మళ్లీ తిరుగుతుంది. ఈ మీట సంగతి చెప్పకుండా ‘రిపేరు’ చేసి డబ్బులు తీసుకున్న మహానుభావులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

విదేశాల్లో పిల్లలున్నవారు ఇక్కడ సగం మంది ఉంటారు. అక్కడ మన తెలుగిళ్లలోకి వెళ్తే గట్టు మీద కనపడేది ఇన్‌స్టంట్ పాట్. 2010లో కెనడాలో రాబర్ట్ వాంగ్ అనే ఇంజనీరు, ఆయన బృందం తెచ్చిన కరెంటు ప్రెషర్ కుక్కరు. ఉద్యోగాల హడావుడిలో పిల్లలకు వేళకు అన్నం పెట్టడం ఎలా అనే ఇబ్బందిలోంచే అది పుట్టింది. విజిల్ వేయదు, మీట నొక్కి పక్క గదిలోకి వెళ్లిపోవచ్చు, పని కాగానే ఆగిపోతుంది. ఇప్పుడు ఇటువంటివి మన దగ్గరా దొరుకుతున్నాయి. కొనేముందు రెండు సంగతులు. ‘పప్పు 10 నిమిషాలు’ అని రాసి ఉన్నా వేడెక్కడానికి, ఆవిరి దిగడానికి కలిపి అరగంట పడుతుంది. అందులో ఒత్తిడి మన స్టవ్ కుక్కరు కంటే సాధారణంగా కాస్త తక్కువ. తొందరలో ఉన్నవారికి మన పాత కుక్కరే నయం. పొయ్యి దగ్గర నిలబడే ఓపిక లేనివారికి, మంట ఆపడం మరిచిపోయే వయసు వచ్చిన పెద్దవాళ్లకు ఇది బంగారం.

స్టవ్ మీది కుక్కరులో నీళ్లు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. అందుకే పప్పు అంత త్వరగా ఉడుకుతుంది. అంత శక్తి ఉన్న వస్తువును మనం విజిళ్లు లెక్కపెట్టి నడుపుతున్నాం! మంట పెద్దదైతే విజిళ్లు గబగబా వస్తాయి, చిన్నదైతే ఆలస్యంగా. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి నిమిషాలు లెక్కపెట్టండి. మామూలు వంటలకు మూడింట రెండు వంతులు, పప్పుకు సగానికి మించి నింపకండి. నురగ పొంగి ఆవిరి దారి మూసుకుపోతే అసలు ప్రమాదం అక్కడే. రబ్బరు రింగు గట్టిపడితే మార్చండి. 2021 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని కుక్కరు అమ్మకూడదని నిబంధన. ఆన్‌లైన్లో సగం ధరకు కనిపించినా ఆ గుర్తు లేకపోతే వద్దు. బండి టైరు అరిగితే మారుస్తాం. సేఫ్టీ వాల్వు మార్చమంటే మాత్రం “ఇంకా బాగానే ఉందిగా” అంటాం.

ఎయిర్ ఫ్రయర్ గురించి అడగమని ఇందాక ముగ్గురు చెప్పారు. ఫిలిప్స్ కంపెనీ 2010లో తెచ్చింది, ఇప్పుడు అందరూ చేస్తున్నారు. పేరులో ఫ్రై ఉంది గానీ అది వేయించదు. పైనున్న ఫ్యాన్ వేడిగాలిని గిర్రున తిప్పి కాలుస్తుంది, ఒక చిన్న ఓవెన్ అన్నమాట. గారెలు రావు. పిండి జారుడుగా ఉంటుంది, గిన్నె చిల్లుల్లోంచి కిందికి దిగుతుంది. నూనెలో పడ్డ క్షణానే పైపొర గట్టిపడటం వల్ల గారెకు ఆ ఆకారం వస్తుంది, గాలికి ఆ శక్తి లేదు. అలాగే పూరీ కూడా. కానీ నూనె పూసిన వంకాయ కాల్చి పచ్చడి చేయండి, వేరుశనగపప్పు వేయించండి, దొండకాయ ముక్కలకు రెండు చెంచాల నూనె పట్టించి పెట్టండి, నిన్నటి సమోసా వేడి చేయండి, బాగుంటుంది. నలుగురున్న ఇంట్లో చిన్న సైజు కొంటే రెండు వాయిలు వేయాలి, అప్పుడు పొయ్యే నయం. మా ఇంట్లో ఉంది, అమ్మాయి వాడుతుంది. దాని వల్లే అది వంకాయ తినడం మొదలుపెట్టింది కాబట్టి నా ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

ఇక అటక మీది మొండి బకాయిల సంగతి. ఈ మాట ఈ హాల్లో నేను వేరే వివరించక్కర్లేదు. రొట్టెలు చేసే యంత్రం, ఇరవై ముక్కలున్న ఫుడ్ ప్రాసెసరు, పెళ్లికి వచ్చిన శాండ్‌విచ్ టోస్టరు, పిడి లేని కేకు బీటరు. అప్పు ఇచ్చేముందు మీరు పార్టీ గురించి ఎన్ని అడుగుతారు! వస్తువు కొనేముందు అందులో సగం అడగండి. మన ఊళ్లో దీనికి సర్వీసు ఉందా? జారు పగిలితే విడిగా దొరుకుతుందా? రెండు నిమిషాల పని చేసి పది నిమిషాలు కడిగిస్తుందా? గట్టు మీద శాశ్వతంగా ఉండే చోటు ఉందా, లేక ప్రతిసారీ అటక మీంచి దించాలా? దించాల్సినది రెండోసారి దిగదు. బిల్లు, వారంటీ కార్డు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, కొత్త ఊళ్లో అట్టపెట్టెల్లో కాగితం దొరకదు. పాడైన వాటిని చెత్తబండిలో వేయకండి. 2023 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని సరిగా రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులది.

అన్నయ్యలకు ఒక విన్నపం. పండగ ఆఫర్లు రాగానే ఇంట్లో ఆశ్చర్యపరచాలని వంట పరికరం కొనుక్కొస్తారు. ప్రేమతోనే తెస్తారు, కాదనను. కానీ రోజూ దాన్ని పట్టుకోవాల్సిన మనిషిని దుకాణానికి తీసుకెళ్లండి. ఆ పిడి ఆవిడ చేతిలో ఎలా కూర్చుంటుందో, ఆ జారు నీళ్లతో నింపితే ఎత్తగలదో లేదో చూడనివ్వండి. ఇంకా మంచి మార్గం ఒకటుంది, మీరు వాడబోయే వస్తువే కొనుక్కోండి.

వచ్చేటప్పుడు సంచిలో కాటా, తాడు చాపర్, అరచేత్తో నొక్కే చాపర్, లావు పిడి పీలరు, ఒక అయస్కాంతం తెచ్చాను. కిలో ఉల్లిపాయలు కూడా. పక్క బల్ల మీద పెడతాను. టీ విరామంలో వచ్చి పట్టుకుని, తరిగి, తూచి చూడండి. వెనక వరసవాళ్లు ముందు రావచ్చు. తరిగిన ఉల్లిపాయలు మధ్యాహ్నం పెరుగు పచ్చడికి కావాలని వంటవాళ్లు ముందే చెప్పారు.